పాలూ నెయ్యీ లేని మామిడి మీగడ దోసె

చిత్తూరు నుండి పరదరామి మీదుగా గుడియాత్తం చేరే మార్గంలో జూన్, జూలై నెలలలో ప్రయాణించే వారికి తోతాపురి మామిడి వాసన కొత్త కాదు. బెంగుళూరా అని మనవారు, కిళిమూక్కు అని తమిళులు పిలిచే ఈ చిలుకముక్కు కాయకు సరిహద్దు లేదు. చెట్టు ఇవతల ఉంటుంది, గుజ్జు కర్మాగారం అవతల ఉంటుంది. కానీ 2025 వేసవిలో ఆ సరిహద్దు ఒక్కసారిగా గట్టిపడింది. పాత గుజ్జు నిల్వలు అమ్ముడుపోక కర్మాగారాలు కొనుగోలు తగ్గించాయి, ధర పడిపోయింది. జూన్ 7న చిత్తూరు జిల్లా యంత్రాంగం ఇతర రాష్ట్రాల తోతాపురి తమ జిల్లాలోకి రాకుండా ఆంక్ష విధించింది. కర్ణాటక ప్రభుత్వం నిరసన తెలిపింది. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం తన రైతులకు కర్మాగారాలు కిలోకు 8 రూపాయలు, ప్రభుత్వం 4 రూపాయలు, వెరసి 12 రూపాయలు అందేలా ఏర్పాటు చేసింది. తమిళనాడు వైపు తోటలు గల మన కుటుంబాలకు ఆ లెక్క వర్తించలేదు.

ఆ రోజులలో మా బంధువుల ఇంటి పంచలో గడ్డి పరచి పోసిన కాయలు రోజుకు కొన్ని చొప్పున మెత్తబడిపోతూ ఉండేవి. ఊరగాయ పెట్టారు, తాండ్ర పోశారు, ఇరుగుపొరుగుకు పంచారు. అయినా తరగలేదు. అదే ఇంట్లో ఏడేళ్ల బాలుడు ఒకడున్నాడు. పాలు తాగిన గంటలోపే వాడికి కడుపు ఉబ్బి, విరేచనాలు పట్టుకునేవి. పాలు, పాలతో చేసిన పదార్థాలు మానివేయమని వైద్యులు చెప్పారు. అప్పటి నుండి పండుగనాడు అందరి ఆకులలో పాయసం వడ్డిస్తూ ఉంటే, వాడి ఆకులో ఒక అరటిపండు పెట్టేవారు. వాడేమీ ఏడ్వలేదు గానీ, పాయసం గిన్నె దగ్గరకు వచ్చేసరికి తల తిప్పుకొనేవాడు. ఆ ఇంటి అవ్వకు అది సహింపరాని విషయం. ఈ వంటకం ఆ ఇంట్లో, ఆ మిగులు మామిడితో, మూడు నాలుగు సార్లు చెడిపోయిన తర్వాత కుదిరినది. ఎందుకు చెడిందో, ఎలా కుదిరిందో రెండూ చెప్పడమే ఈ వ్యాసం ఉద్దేశం.

పేర్లు కొత్తవి, పద్ధతి పాతది

పాలు, పెరుగు, నెయ్యి, గుడ్డు, తేనె సహా జంతువుల నుండి వచ్చే ఏ పదార్థమూ లేని ఆహారాన్ని నేడు వీగన్ ఆహారం అంటున్నారు. ఈ మాట 1944లో ఇంగ్లండులో పుట్టినది. శాకాహారం అంటే పాలూ నెయ్యీ ఉండవచ్చునని మనం అనుకుంటాము. వీగన్ పద్ధతిలో అవి కూడా ఉండవు. భారత ఆహార భద్రతా ప్రమాణాల సంస్థ 2022లో ఈ ఆహారాలకు ప్రత్యేక నిబంధనలను ప్రకటించింది. కాబట్టి ఇది ఇక పరదేశపు మాట మాత్రమే కాదు.

క్రేప్ అనేది ఫ్రాన్సు దేశపు పలుచని అట్టు. అక్కడి బ్రిటనీ ప్రాంతం దానికి పేరుపొందినది. మైదా, పాలు, గుడ్డు, వెన్న కలిపి జారుగా చేసిన పిండిని పెనం మీద కాగితం వలె పలుచగా పోసి, లోపల తీపి గాని కారం గాని పెట్టి మడుస్తారు. ఫ్రెంచివారు ఏలిన పుదుచ్చేరి వేలూరుకు సుమారు నూట యాభై కిలోమీటర్ల దూరంలోనే ఉన్నది. అక్కడి భోజనశాలలలో దీనిని చూసినవారు మన పాఠకులలోనూ ఉండవచ్చు. చూడగానే ఎవరికైనా తోచేది ఒక్కటే: ఇది మన దోసెకు దూరపు చుట్టం. లోపల పూర్ణం పెట్టే ఆలోచన మన ఓళిగలలో ఉన్నది, పలుచగా పోసే నేర్పు ఉడుపి వారి నీరు దోసెలో ఉన్నది. ఈ రెండింటినీ కలిపితే గుడ్డుతోనూ పాలతోనూ పని లేదు.

పిండి సంగతి

మొదటిసారి ఆ ఇంట్లో నీరు దోసె పిండితోనే చేశారు. పెనం మీద ఎంతో చక్కగా వచ్చింది. చల్లారిన తర్వాత మామిడి మీగడ పెట్టి చుట్టబోతే నాలుగు ముక్కలైంది. కారణం తెలుసుకుంటే ఆశ్చర్యం కలగదు. బియ్యపు పిండిలో సాగే గుణం లేదు. వేడిగా ఉన్నంతసేపు అందులోని గంజి మెత్తగా ఉండి మడతకు లొంగుతుంది. చల్లారితే ఆ గంజి గట్టిపడి విరుగుతుంది. రాత్రి మిగిలిన అన్నం తెల్లవారేసరికి బిరుసెక్కడం ఇదే కారణం చేత. ఫ్రెంచివారి అట్టులో గుడ్డు, గోధుమలోని జిగురు కలిసి ఈ పని చేస్తాయి. మనం గుడ్డు వేయము కనుక గోధుమ జిగురునైనా కొంత అరువు తెచ్చుకోవాలి.

పన్నెండు దోసెలకు ఒక గ్లాసు, అనగా 200 గ్రాముల పచ్చి బియ్యాన్ని నాలుగు గంటలు నానబెట్టాలి. కొత్త బియ్యం కన్నా పాత సోనా మసూరి మేలు. నానిన బియ్యంలో అర చిప్ప కన్నా తక్కువ, సుమారు పావు గ్లాసు టెంకాయ తురుము చేర్చి, వేళ్ల మధ్య రాపితే పలుకు తగలనంత మెత్తగా రుబ్బాలి. ఇక్కడ తొందర పనికిరాదు. పలుకు మిగిలితే దోసె మధ్యలో చిరుగుతుంది. తర్వాత 50 గ్రాముల మైదాను గాని జల్లించిన గోధుమ పిండిని గాని కొద్ది నీటిలో ఉండలు లేకుండా కలిపి ఇందులో పోయాలి. చిటికెడు ఉప్పు, ఒక చెంచా చక్కెర, ఒక చెంచా వేరుశెనగ నూనె వేసి, మొత్తం రెండున్నర గ్లాసుల నీరు పట్టేలా పలుచన చేయాలి. చిక్కని మజ్జిగ కన్నా పలుచగా, గరిటె ముంచి తీస్తే వెనుక వైపు పలుచని పొర అంటుకొనేలా ఉండాలి. అర గంట కదపకుండా ఉంచితే గోధుమ పిండి నీటిని పీల్చుకొని జిగురు తేరుకుంటుంది. ఇది పులియబెట్టే పిండి కాదు. మన ఎండలో రెండు గంటలు దాటితే పులుపు ఎక్కుతుంది, ఆ పులుపు మామిడితో పొసగదు.

గోధుమ పడనివారు మైదాకు బదులు రెండు పెద్ద చెంచాల సగ్గుబియ్యాన్ని బియ్యంతో పాటు నానబెట్టి రుబ్బవచ్చు. సేలం నుండి వచ్చే ఈ జవ్వరిసిలోని జిగట కొంతవరకు ఆ లోటు తీరుస్తుంది. అయితే అటువంటి దోసెను పూర్తిగా చల్లార్చక గోరువెచ్చగా ఉన్నప్పుడే మడవాలి.

మీగడ సంగతి

ఇల్లాళ్లు ఎక్కువగా పొరపడేది ఇక్కడే. టెంకాయ పాలను, మామిడి గుజ్జును కలిపి పొయ్యి మీద పెట్టి చిక్కబడే దాకా కాచుదామని తోచడం సహజం. ఆ ఇంట్లోనూ అదే చేశారు. పది నిమిషాలకు పైన నూనె తేలి, కింద పలుకులు పలుకులుగా విరిగి, చూడడానికే మనసొప్పని ముద్ద మిగిలింది. చిక్కని టెంకాయ పాలు అంటే నీటిలో సన్నని నూనె బిందువులు తేలుతూ ఉండడం. ఆ బిందువులు ఒకదానికొకటి అంటుకోకుండా కాపాడేది అందులోని కొద్దిపాటి మాంసకృత్తులు. బాగా మరిగిస్తే అవి గడ్డకట్టి ఆ కాపలా పోతుంది. మామిడి పులుపు తగిలితే ఆ నష్టం మరింత త్వరగా జరుగుతుంది. తోతాపురి అసలే పులుపు గల జాతి. కనుక గుజ్జును వేరుగా ఉడికించాలి, మీగడను పొయ్యి ఎక్కించకుండా చివరలో కలపాలి. ఈ ఒక్క మాట గుర్తుంచుకుంటే సగం వంట నేర్చినట్లే.

ముందు రోజు సాయంత్రం ముదిరిన పెద్ద టెంకాయ ఒకటి పగులగొట్టి తురిమి, ఒక గ్లాసు గోరువెచ్చని నీటితో మిక్సీలో తిప్పి, పలుచని గుడ్డలో గట్టిగా పిండాలి. ఇవి మొదటి పాలు. అదే పిప్పికి మరొక అర గ్లాసు నీరు చేర్చి పిండితే రెండవ పాలు వస్తాయి, వాటిని విడిగా ఉంచుకోవాలి. మొదటి పాల గిన్నెను మూతపెట్టి ఫ్రిజ్‌లో రాత్రంతా ఉంచితే మీగడ పైకి తేరి గట్టిపడుతుంది. కింద నీరు మిగులుతుంది. గిన్నెను కుదపకుండా చెంచాతో పై మీగడను మాత్రమే తీసుకోవాలి. ముదురు కాయ అయితే అర గ్లాసుకు పైగా వస్తుంది. లేత కాయలో మీగడ తక్కువ. గుడియాత్తం సంతలో కాయ కొనేటప్పుడు చెవి దగ్గర పెట్టి ఊపి, నీరు గలగలమనేది, పీచు బాగా ఎండినది ఎంచుకోవాలి.

గుజ్జు కొరకు బాగా మాగిన తోతాపురి రెండు, వాసన కొరకు బేనీషా గాని నీలం గాని ఒకటి తీసుకోవాలి. తోతాపురిలో కండ ఎక్కువ, పీచు తక్కువ, పరిమళం మాత్రం అంతంత మాత్రమే. కర్మాగారాలకు అది నచ్చడానికి కండ కారణం, ఇంట్లో పిల్లలు దానిని పక్కన పెట్టడానికి పరిమళం కారణం. పచ్చి కాయ తెచ్చి వరిగడ్డిలో మాగబెట్టుకోవడం అన్నింటికన్నా మంచిది. కార్బైడుతో కాయలను మాగబెట్టడం చట్టరీత్యా నిషేధం అయినప్పటికీ ఆ అలవాటు పూర్తిగా పోలేదు. పైన పసుపు రంగు నిండుగా ఉండి, లోపల గట్టిగా పుల్లగా ఉన్న కాయను అనుమానించాలి.

మూడు పండ్ల కండను మిక్సీలో తిప్పి వడగడితే సుమారు రెండు గ్లాసుల గుజ్జు వస్తుంది. దానిని అడుగు మందమైన బాణలిలో పోసి, నాలుగు పెద్ద చెంచాల చక్కెర వేసి, సన్నని మంట మీద కలుపుతూ మూడవ వంతు ఇగిరే దాకా ఉడికించాలి. బెల్లం వేయవచ్చునా అని కొందరు అడుగుతారు. వేయవచ్చు, రుచి బాగానే ఉంటుంది, కానీ మామిడి బంగారు రంగు మాసిపోతుంది. తర్వాత రెండు చిన్న చెంచాల కార్న్‌ఫ్లోర్‌ను పావు గ్లాసు చల్లని రెండవ పాలలో కరిగించి, గుజ్జులో సన్నని ధారగా పోస్తూ ఆపకుండా కలపాలి. వేడి గుజ్జులో పొడి పిండిని నేరుగా వేస్తే ఉండలు కడుతుంది, అవి ఇక కరగవు. బుడగలు వచ్చిన తర్వాత రెండు నిమిషాలు ఉడికితే పచ్చి వాసన పోతుంది. అంతకు మించి ఉడికించకూడదు. పులుపు సమక్షంలో ఎక్కువసేపు మరిగితే గంజి మళ్లీ పలుచబడిపోతుంది. దించి చిటికెడు ఉప్పు, కొద్దిగా ఏలకుల పొడి వేసి, చేయి పెడితే చల్లగా తగిలే వరకు ఆరబెట్టాలి. అప్పుడు ఫ్రిజ్ నుండి తీసిన టెంకాయ మీగడను ఒక్కొక్క చెంచాగా చేర్చి, గరిటెతో మెల్లగా కలిపి, మళ్లీ ఒక గంట చల్లబరచాలి. చెంచా తిరగవేస్తే జారిపడకుండా నిలిస్తే అదే పాకం.

పెనం మీద

ఇనుప పెనం మంచిది, నాన్‌స్టిక్ అయినా సరే. మన ఇళ్లలో దోసె పెనానికి నూనె రాయడానికి సగం కోసిన ఎర్రగడ్డను వాడే అలవాటున్నది. ఇక్కడ దానిని మాత్రం మానాలి. ఎర్రగడ్డ వాసన తగిలిన మామిడి ఎవరికీ రుచించదు. అందుకు బదులు ఉర్లగడ్డ ముక్క వాడవచ్చు. గుడ్డుతో అట్లు వేసే పెనమే అయితే ముందుగా వేడినీటితో తోమి ఎండబెట్టుకోవాలి.

పెనం బాగా కాగాలి. నీటి చుక్క వేస్తే చుయ్యిమని ఎగిరిపోవాలి. ప్రతి దోసెకూ ముందు పిండిని అడుగు నుండి కలపాలి, బియ్యం త్వరగా అడుగున చేరిపోతుంది. చిన్న గరిటెడు పిండి పోసి, గరిటెతో రుద్దక, పెనాన్నే ఎత్తి చుట్టూ వంచితే పిండి తనంతట తాను పరచుకుంటుంది. మూత పెట్టి ఒక నిమిషం. అంచులు లేవగానే తీసివేయాలి. తిప్పి కాల్చకూడదు, ఎర్రగా మారనీయకూడదు. కరకరలాడే దోసె మనకు ఇష్టమే గానీ అది మడతకు రాదు. వేడి దోసెలను ఒకదాని మీద ఒకటి పేరిస్తే అంటుకుపోతాయి. విడివిడిగా అరటి ఆకు మీద పరచి, పైన పలుచని గుడ్డ కప్పాలి. మొదటి దోసె చాలా మందికి చెడుతుంది. దానిని వంట చేసినవారు తినడం మర్యాద.

దోసె చల్లారిన తర్వాత మధ్యలో రెండు పెద్ద చెంచాల మీగడ ఉంచి, రెండు అంచులు లోనికి మడిచి, చాప చుట్టినట్లు చుట్టాలి. సన్నగా తరిగిన మామిడి ముక్కలు నాలుగు లోపల వేస్తే నోటికి తగులుతూ బాగుంటుంది. చుట్టిన వెంటనే వడ్డించడం అవసరం. టెంకాయ నూనె సుమారు 24 డిగ్రీల వేడి దాటితే కరుగుతుంది. మన వేలూరు వేసవిలో 40 డిగ్రీలు దాటడం వింత కాదు. కనుక మీగడ ఫ్రిజ్‌లోనే ఉండాలి, దోసె బయట ఉండాలి, రెండూ ఆకులో కలవాలి. పెళ్లికో సీమంతానికో వందల లెక్కన చేయదలచినవారు ఈ వంటకాన్ని ఎంచుకోకపోవడమే మంచిదని నా అభిప్రాయం. ఇది పది మంది కూర్చునే ఇంటి వంట.

కొన్ని జాగ్రత్తలు

టెంకాయ పాలు పేరుకు పాలే గానీ, పోషణలో ఆవు పాలకు సాటి రావు. మాంసకృత్తులు తక్కువ, సున్నము తక్కువ, కొవ్వు మాత్రం ఎక్కువ. పాలు మానిన పిల్లలకు రాగులు, పప్పులు, నువ్వులు, ఆకుకూరల ద్వారా ఆ లోటు తీర్చాలి గానీ ఈ తీపితో కాదు. చక్కెర వ్యాధి గలవారు ఒక ముక్కతో ఆగడం క్షేమం.

పాలు పడకపోవడంలో రెండు రకాలున్నాయి. పాలలోని చక్కెర అరగక కడుపు ఉబ్బడం ఒకటి. ఎదిగిన కొద్దీ చాలా మందికి ఆ చక్కెరను అరిగించే శక్తి తగ్గుతుంది, ఇది ప్రాణాంతకం కాదు. పాలలోని మాంసకృత్తులే శరీరానికి సరిపడక దద్దుర్లు, వాపు, ఊపిరాడకపోవడం రెండవది. ఇది ప్రమాదకరం. రెండవ రకం వారికి నెయ్యి అంటిన గరిటె కూడా తగలకూడదు. అంగళ్లలో అమ్మే డబ్బా క్రీముల మీద ‘పాలు కానిది’ అన్న అర్థం వచ్చేలా రాసి ఉన్నా, కొన్నింటిలో పాల నుండి తీసిన కేసినేట్ అనే పదార్థం ఉంటుంది. వెనుక వైపు చిన్న అక్షరాలను చదవనిదే కొనకూడదు. అందుకే మన ఇంటి టెంకాయను నమ్ముకోవడం మేలనిపిస్తుంది.

తయారైన మీగడ ఫ్రిజ్‌లో రెండు రోజులు నిలుస్తుంది. బయట రెండు గంటలకు మించి ఉంచకూడదు.

మామిడి కాలం దాటితే

ధర లేని రోజులలో కాయలను గుజ్జుగా మార్చి దాచుకోవడం ఇంటి స్థాయిలో సాధ్యమే. మాగిన తోతాపురి కిలోకు సగం, ఒక్కొక్కసారి అంతకు కొంచెం పైగా గుజ్జు వస్తుంది. చక్కెరతో ఉడికించి, చల్లార్చి, ఒక్కొక్క పూటకు సరిపడేలా చిన్న డబ్బాలలో పోసి, ఫ్రిజ్ పై అరలో గడ్డకట్టిస్తే దీపావళి వరకు నిశ్చింతగా ఉంటుంది. ఒకసారి కరిగించిన దానిని మళ్లీ గడ్డకట్టించకూడదు. దీనివల్ల రైతు కష్టం తీరుతుందని ఎవరూ చెప్పలేరు. ఒక ఇల్లు ఎంత తిన్నా పది కిలోలు, తోటలో పడి ఉన్నది టన్నులు. కానీ పంచలో మెత్తబడిపోయే ఆ పది కిలోలైనా పిల్లల నోటికి చేరతాయి.

పనస పండుతో కూడా ఇదే పద్ధతి. పన్రుట్టి పనస వచ్చే రోజులలో గట్టి తొనలను గింజ తీసి, కొద్ది నీటితో పది నిమిషాలు ఉడికించి రుబ్బితే పీచు బాధ ఉండదు. పనస సహజంగానే తీపి కనుక చక్కెర సగం చాలు, పులుపు కొరకు నిమ్మరసం అర చెంచా వేయాలి. అరటితో చేసేవారు ఉడికించనక్కర లేదు, బాగా మాగిన పండును నిమ్మరసంతో చిదిమి వెంటనే మీగడలో కలపాలి, లేనిచో నల్లబడుతుంది. బొప్పాయితో ప్రయత్నించాము గానీ దాని వాసన టెంకాయతో కలవలేదు.

మిగిలిన టెంకాయ పిప్పిని పారవేయకండి. ఎండబెట్టి వేయించి, ఎండుమిరపకాయ, పుట్నాలు, ఉప్పు చేర్చి దంచితే ఇడ్లీలోకి పొడి అవుతుంది.

ఆ ఇంట్లో నాలుగవసారి కుదిరిన రోజున అవ్వ మొదటి దోసెను ఆ బాలుడి ఆకులో పెట్టింది. వాడు దానిని ముట్టక, పక్కనున్న అన్న ఆకు వైపు చూసి, “ఇది నాకూనా అవ్వా?” అని అడిగాడు. అన్న ఆకులోనూ అదే వడ్డిస్తూ ఉన్నదని చూసిన తర్వాతనే తినడం మొదలుపెట్టాడు.